సర్వరులో సగం స్వాగతానికే

మా పశుగ్రాస శాఖ రాష్ట్ర కార్యాలయంలో సర్వరు అనే యంత్రం ఒకటి ఉంది. దానికి ప్రత్యేకంగా ఒక గది, ఆ గదికి రెండు ఏసీలు ఉన్నాయి. విజయవాడ ఎండల్లో మేమందరం ఏదో ఒక ఫైలు సాకుతో వెళ్లి దాన్ని పలకరించి వచ్చేవాళ్లం. ఎవరినీ కసురుకోకుండా ఎప్పుడూ చల్లగా ఉండే అధికారి మా ఆఫీసులో అదొక్కటే.

ఒక సోమవారం ఆ సర్వరు బిగుసుకుపోయింది. హాజరు పడలేదు, గడ్డి విత్తనాల లెక్క రాలేదు. దాని బాగోగులు చూసే నూర్జహాన్ గారు వచ్చి, అరగంట తలుపు వేసుకుని, బయటికి వచ్చి సంగతి చెప్పారు. సర్వరులో ఒకేసారి ఎన్నో పనులు నడుస్తుంటాయి. ఒక్కొక్క పనికీ కాస్త మెమరీ కావాలి. ఆ రోజు నెలవారీ నివేదిక తయారుచేసే పని ఉన్న మెమరీ అంతా తనే తీసుకుని కూర్చుంది.

"బంతిలో ఒకాయన కూర గిన్నెలన్నీ తన ముందు పెట్టుకుంటే, మిగతావాళ్లు ఖాళీ విస్తళ్లు చూస్తూ కూర్చున్నట్టు సార్," అన్నారావిడ. అందుకని ఆ పనికి ఇంతకు మించి తీసుకోరాదని ఒక పరిమితి పెట్టారు. ఒక్క వాక్యం టైపు చేశారు, అంతే. పరిమితి దాటితే యంత్రాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమే ఆ పనిని ఆపేస్తుందట.

పరిమితులంటే నాకూ గౌరవమే. మా ఇంట్లో ఫ్యాను రెండో నంబరు దాటకూడదని మా ఆవిడ కమలిని పెళ్లయిన కొత్తలోనే పరిమితి విధించింది. నాకేమో అయిదులో తిరగాలి. ఆవిడ అటు తిరిగినప్పుడు నేను పెంచడం, నేను కునుకు తీసినప్పుడు ఆవిడ తగ్గించడం, అలా మా సంసారం గడిచింది. ఆవిడ పోయాక ఫ్యాను అయిదులోనే తిరుగుతోంది. అడిగేవాళ్లు లేరు.

నూర్జహాన్ గారి పని అక్కడితో అయిపోవలసింది. కానీ మా డైరెక్టరు కోదండపాణి గారు అప్పుడే ఏదో కొండ ప్రాంతంలో సుపరిపాలన మీద శిక్షణ ముగించుకుని వచ్చారు. పరిమితి సంగతి వినగానే ఆయన ముఖం వెలిగింది. సిబ్బందిని సమావేశపరిచి, "పరిమితి లేని ప్రక్రియ పగ్గం లేని పశువు వంటిది. పశువుల సంగతి మన శాఖకు ఇంకొకరు చెప్పనక్కరలేదు," అని సెలవిచ్చారు. సర్వరులో నడిచే ప్రతి పనికీ పరిమితి ఉండాలని, ఆ పరిమితులను నిర్ణయించడానికి ఒక కమిటీ వేయాలని ఉత్తర్వు వచ్చింది. కమిటీకి అధ్యక్షులు మా పరిపాలనాధికారి అంకినీడు గారు. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంటును కాబట్టి నేను సభ్యుణ్ని. నూర్జహాన్ గారు కాంట్రాక్టు మనిషి కాబట్టి ప్రత్యేక ఆహ్వానితురాలు. అంటే ఆవిడకు టీ ఇస్తారు, మాట్లాడే వంతు మాత్రం చివర.

ఆ వంతు వచ్చాక ఆవిడ, ఏ పనికి ఎంత అవసరమో అంత ఇస్తే చాలన్నారు.

అంకినీడు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అవసరం అన్నది అనుభూతి అమ్మా. హోదా అన్నది ఉత్తర్వు. మనం ఉత్తర్వు ప్రకారం పోదాం."

ఆ విధంగా మా శాఖలో గదులు కేటాయించే నిబంధనలే మెమరీకీ వర్తింపజేశారు. డైరెక్టరు గారికి సోఫా, స్నానాల గది ఉన్న పెద్ద గది. జాయింటు డైరెక్టరుకు సోఫా ఉంటుంది, స్నానాల గది ఉండదు. డిప్యూటీ డైరెక్టరుకు తువ్వాలు పరిచిన కుర్చీ. సూపరింటెండెంటుకు బీరువా అడ్డంపెట్టిన మూల, పక్క సూపరింటెండెంటుతో కలిపి ఒక ఫ్యాను. సర్వరులో ఏ పని ఏ అధికారి కింద నడుస్తుందో చూసి, దానికి ఆ అధికారి హోదాకు తగినంత మెమరీ ఇచ్చారు.

డైరెక్టరు గారి పేషీ కింద నడిచే పని ఒక్కటే. శాఖ వెబ్‌సైటు తెరవగానే డైరెక్టరు గారు కనబడి, నెమ్మదిగా చేతులు జోడించి, "పశుగ్రాస శాఖకు స్వాగతం" అంటారు. ఆయన వెనక పచ్చిగడ్డి గాలికి ఊగుతుంటుంది. ఆ గడ్డిలో ఒక్కొక్క పరకనూ విడివిడిగా ఊపాలి కాబట్టి ఎంత ఇచ్చినా తినేస్తుందని నూర్జహాన్ గారు అన్నారు. మా శాఖలో గడ్డి తినడం కొత్త కాదు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. స్వాగతానికి సర్వరులో సగం ఇచ్చారు. జాయింటు డైరెక్టరు గారి పుట్టినరోజు శుభాకాంక్షల పనికి అందులో సగం. అలా దిగుతూ వచ్చి, రాష్ట్రంలోని మా ఉద్యోగులందరి బదిలీలూ తేల్చే పని నా సెక్షన్ కింద ఉంది కాబట్టి దానికి బీరువా చాటు మూల, సగం ఫ్యాను దక్కాయి.

ఆ విడత బదిలీలు నడిపించిన రోజు నేను పక్కనే నిలబడి ఉన్నాను. అ నుంచి మొదలై ఉత్తర్వులు చకచకా వచ్చాయి. పోనుపోను, ఎవరికి ఎక్కడ ఖాళీ ఇచ్చిందో అదంతా గుర్తుంచుకోవాలి కాబట్టి బరువు పెరిగింది. 'మ' దగ్గరికి వచ్చేసరికి పరిమితి దాటింది. నంద్యాల మల్లికార్జున ఉత్తర్వు సగంలో ఉండగా పని ఆగిపోయింది. తెర మీద 'కిల్డ్' అని ఒక్క మాట వచ్చింది. మల్లికార్జునను నంద్యాల నుంచి రిలీవ్ చేసే భాగం అచ్చయింది. ఎక్కడ చేరాలో చెప్పే భాగం అచ్చు కాలేదు. ఆయన ఆ మధ్యాహ్నమే రిలీవై, పెట్టె సర్దుకుని, ఎటు వెళ్లాలో తెలియక వాళ్ల చెల్లెలి ఇంట్లో దిగాడు.

నాకు మల్లికార్జున కంటే హైమవతి గుర్తుకొచ్చింది.

హైమవతి పలాసలో మా క్షేత్ర సహాయకురాలు. ఆమె భర్త చెంగల్రాయుడు మదనపల్లె దగ్గర విత్తన క్షేత్రంలో పనిచేస్తాడు. నేపియర్ గడ్డి సాగు శిక్షణలో పక్కపక్కన కూర్చుని, శిక్షణ అయ్యేసరికి పెళ్లి నిశ్చయం చేసుకున్నారు. విత్తన క్షేత్రం వాళ్లకు బదిలీ అడిగే హక్కు లేదు. అందుకని భార్యాభర్తల కోటాలో ఆమే అడగాలి. అప్పటిదాకా వాళ్ల కాపురం మా ఆఫీసు క్యాంటీనులో సాగుతోంది. రాష్ట్రానికి ఆ చివర నుంచి ఆమె, ఈ చివర నుంచి అతను నెలకొకసారి రైలెక్కి మధ్యలో విజయవాడలో దిగేవారు. బదిలీ సంగతి కనుక్కునే వంకతో వచ్చి, ఒక టీ చెప్పి, రెండు కప్పుల్లో పోయించుకుని, సాయంత్రం రైళ్ల దాకా కూర్చునేవారు. క్యాంటీను బాషా వాళ్లు లేచేదాకా ఆ బల్ల తుడిచేవాడు కాదు. గుడ్డ భుజాన వేసుకుని వేరే బల్లలు రెండేసిసార్లు తుడిచేవాడు.

ఆగిపోయిన పని మాట అంకినీడు గారికి చేరింది. తెర మీది మాటను ఆయన దగ్గరగా చదివి, విధి నిర్వహణలో ఉన్న పనిని ఎవరు చంపారని అడిగారు. ఆపరేటింగ్ సిస్టమ్ అని, మన కమిటీ పెట్టిన పరిమితి ప్రకారమే చేసిందని నూర్జహాన్ గారు చెప్పారు. ఆయన మొదటి సగమే విన్నారు. సాయంత్రానికి మెమో తయారైంది. "సదరు ఆపరేటింగ్ సిస్టమ్, ముందస్తు నోటీసు లేకుండా, పై అధికారి అనుమతి పొందకుండా, బదిలీల ప్రక్రియను మధ్యలో వధించినందున, తగు క్రమశిక్షణ చర్య ఎందుకు తీసుకోరాదో వారం రోజులలో లిఖితపూర్వకంగా తెలుపవలసినది." అటెండరు మెమో పట్టుకుని వెళ్లి, తీసుకునేవారు లేరని తిరిగొచ్చాడు. నిరాకరించినట్టు రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో సర్వరు గది తలుపుకు అంటించారు. వారం గడిచినా జవాబు రాలేదు. చెప్పుకోవడానికి ఏమీ లేదని భావించి, దానికి ఒక ఇంక్రిమెంటు ఆపారు.

జాబితాను రెండు ముక్కలు చేసి విడివిడిగా నడిపిద్దామని నూర్జహాన్ గారు నెమ్మదిగా సూచించారు. అంకినీడు గారు ఉలిక్కిపడ్డారు. జాబితా రెండైతే సీనియారిటీ రెండవుతుందనీ, సీనియారిటీ రెండైతే కోర్టులో కేసులు పడతాయనీ చెప్పి, ఆ మాటను మినిట్సులోంచి కొట్టేయించారు.

తరువాతి రెండు విడతలూ అంతే. మళ్లీ అ నుంచి మొదలై మళ్లీ 'మ' దగ్గర ఆగింది. అప్పలస్వామి అనే ఆయనకు వరుసగా మూడు విడతల్లోనూ బదిలీ వచ్చింది. ఆ ఏడు ఆయన సామాన్లు విప్పనేలేదు. పొద్దున్నే పాల పాకెట్టు కొని, ఏ ఊరు వచ్చిందో దాని మీద చదువుకునేవాడని అన్నారు.

ఇక 'మ' తరువాతి వాళ్లకు రహస్యం తెలిసిపోయింది. పేపర్లలో పేరు మార్పు ప్రకటనలు మొదలయ్యాయి. సూర్యనారాయణ ఆదిత్యనారాయణ అయ్యాడు. హనుమంతరావు ఆంజనేయరావు అయ్యాడు. శివయ్య ఈశ్వరయ్యగా మారాక, ఇంట్లో పిలిస్తే పలకడం లేదని ఆయన భార్య ఫిర్యాదు చేసింది. దేవుళ్లకు అన్ని పేర్లు ఎందుకున్నాయో నాకు అప్పుడు తెలిసింది.

హైమవతితో నేనే అన్నాను, పార్వతీదేవి పేర్లలో అపర్ణ ఉంది, అంబిక ఉంది, ఏదో ఒకటి పెట్టుకోమ్మా అని. వచ్చే నెలాఖరు దాటితే బదిలీలపై నిషేధం వస్తుందని, మళ్లీ ఎప్పుడు ఎత్తేస్తారో ఎవరికీ తెలియదని కూడా చెప్పాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. "మా అమ్మమ్మ పేరండి బాబాయిగారూ. ఆపీసోళ్ల కోసం ఆవిడ పేరు తీసేత్తే, పైనుంచి కర్రట్టుకు దిగిపోద్ది."

చెంగల్రాయుడు టీ కప్పు కింద పెట్టాడు. "ఉండనీలే సార్. నేను హైమవతిని గదా చేసుకునింది. ఇంగో పేరుతో ఎవురన్నా వస్తే మా అమ్మ గడప దాటనీదు."

"గడప దాకా వత్తే కదా," అంది ఆమె. ఇద్దరూ నవ్వుకున్నారు. బాషా వేరే బల్ల తుడవడానికి వెళ్లాడు.

ఇంతలో య నుంచి హ వరకు పేర్లున్న ఉద్యోగులు సంఘం పెట్టి గేటు ముందు బైఠాయించారు. జాబితాను 'హ' నుంచి వెనక్కి నడపాలని వాళ్ల డిమాండు. అక్షరక్రమాన్ని తలకిందులు చేస్తే సమాజంలో ఏమీ మిగలదని అంకినీడు గారు భయపడ్డారు. చివరికి డైరెక్టరు గారు మధ్యేమార్గం కనిపెట్టారు. జాబితాను మొదటి నుంచీ వద్దు, చివరి నుంచీ వద్దు, 'త' నుంచి నడపాలి.

నడిపించారు. 'త' నుంచి బయలుదేరి 'స' దాకా వచ్చి, సోమిదేవమ్మ దగ్గర ఆగిపోయింది. ఆ తరువాతి అక్షరమే 'హ'. మల్లికార్జున సగం ఉత్తర్వు 'అ' నుంచి నడిచిన జాబితాలోది కాబట్టి ఆయన్ని ఈ విడతలో చేర్చలేదు. సూర్యనారాయణ సూర్యనారాయణగానే ఉండి ఉంటే ఆ విడతలో బదిలీ అయ్యేవాడు. ఆదిత్యనారాయణ కాబట్టి కాలేదు. మర్నాటి పేపర్లో పాత పేర్లకు తిరిగి మారుతున్నట్టు ప్రకటనలు వచ్చాయి. అప్పలస్వామికి మాత్రం ఆ విడత బదిలీ లేదు. ఆయన ఒక పెట్టె తెరిచాడని విన్నాను.

అప్పుడు నేను నా చాతనైన ఉపాయం చేశాను. హోదాను బట్టే మెమరీ అయితే, బదిలీల పని హోదానే పెంచుదాం అని నోటు పెట్టాను. అంకినీడు గారికి అందులో తప్పు కనబడలేదు. పైగా ఆనందించారు. దాని పేర సర్వీసు రిజిస్టరు తెరిచారు. పుట్టినతేదీ దగ్గర సర్వరులో పెట్టిన తేదీ రాశారు. పుట్టుమచ్చల దగ్గర నూర్జహాన్ గారిని అడిగి 'లేవు' అని రాశారు. ప్రవర్తన బాగానే ఉన్నా మధ్యలో పని వదిలేసే అలవాటు ఉందని నమోదైంది. మొత్తానికి పదోన్నతి ఇచ్చి గెజిటెడ్ చేశారు. మెమరీ రెట్టింపైంది. నేను స్వీట్లు తెప్పించాను. సర్వరు గదిలో ఒక లడ్డు పెట్టి వచ్చాను, ఎవరు తిన్నారో అడగలేదు.

మర్నాడు ఉదయం నూర్జహాన్ గారు నా మూలకు వచ్చి నిలబడ్డారు. "పని మొదలుపెట్టనివ్వడం లేదు సార్."

వెళ్లి అడిగితే అంకినీడు గారు ఎంతో ఓర్పుగా వివరించారు. గెజిటెడ్ హోదా గల ప్రక్రియ స్వయంగా పేర్లు వరుసపెట్టడం, ఉత్తర్వులు రాయడం వంటి గుమస్తా పనులు చేయరాదు. పర్యవేక్షించాలి. వరుసపెట్టడానికి దాని కింద ఒక కొత్త పనిని నియమించారు. కొత్తగా చేరింది కాబట్టి దానికి సూపరింటెండెంటు కంటే కూడా తక్కువ మెమరీ. అది 'గ' దగ్గరే ఆగిపోయింది. పైన ఉన్నది నిండు మెమరీతో, ఏ లోటూ లేకుండా, దాన్ని పర్యవేక్షిస్తూ కూర్చుంది. మా ఆఫీసులో ఏళ్ల తరబడి పనిచేసినవాణ్ని, నాకు ఆ దృశ్యం కొత్తగా అనిపించలేదు. దాని పదోన్నతి నేనే వాపసు తీయించాను. శాఖ చరిత్రలో అధికారం పోయినందుకు అపీలు చేసుకోనిది అదొక్కటే.

ఆ నెలలో చెంగల్రాయుడు ఒక్కడే వచ్చాడు. హైమవతికి సెలవు దొరకలేదట. టీ ఒకటే చెప్పి, అలవాటుగా రెండు కప్పులు అడిగి, రెండో కప్పు ఖాళీగా ఎదురుగా పెట్టుకున్నాడు. నా టిఫిన్ బాక్సులో పులిహోర సగం ఆ రెండో కప్పులో వేసి ఇచ్చాను.

నెల ఇంకా ముగియకముందే ఎవరూ అనుకోనిది జరిగింది. సాక్షాత్తూ కోదండపాణి గారికే బదిలీ వచ్చింది. అది పై నుంచి వచ్చేది కాబట్టి మా సర్వరుతో సంబంధం లేదు. గాలిమరల అభివృద్ధి సంస్థకు వేశారు. పూలదండ వేశాం, శాలువా కప్పాం, ఆయన పరిమితుల గురించి గంటకు పైగా మాట్లాడి మధ్యాహ్నం రిలీవయ్యారు. కొత్త డైరెక్టరు గారు ఊళ్లో దిగారు కానీ చార్జి తీసుకోలేదు. ఆ రోజు అష్టమి, మర్నాడు నవమి. దశమి ఘడియలు వస్తే తప్ప కుర్చీలో కూర్చోనన్నారు. నవమి నాటితో నెల సరి. ఆ సాయంత్రం నుంచి నిషేధం.

నవమి ఉదయం నూర్జహాన్ గారు చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "సార్, సగం ఇల్లు ఖాళీ అయింది," అన్నారు.

రిలీవైన అధికారి బొమ్మ శాఖ వెబ్‌సైటులో స్వాగతం చెప్పరాదని అంకినీడు గారే రాత్రికి రాత్రే ఆ పనిని ఆపించారట. కొత్తాయన బొమ్మ ఇంకా రాలేదు. సర్వరులో సగం ఊరికే పడి ఉంది. అయితే పరిమితి మార్చాలంటే డైరెక్టరు గారి సంతకం కావాలి, డైరెక్టరు గారు లేరు.

నేను గదుల కేటాయింపు నిబంధనల పుస్తకం తీశాను. చివరి పేజీల్లో ఒక పాత అంశం ఉంది. అధికారి లేక ఖాళీగా ఉన్న గదిని, అధికారి వచ్చేవరకు, పక్కనున్న సెక్షన్ పాత ఫైళ్లు పెట్టుకోవడానికి పరిపాలనాధికారి అనుమతితో వాడుకోవచ్చును. ఏ డైరెక్టరు మారినా ఆ సందులో మేం ఆ గదిని కట్టలతో నింపడం, కొత్తాయన వచ్చి ఆ కట్టలను బయట వేయించడం మా దగ్గర ఆనవాయితీ. మెమరీకీ గదుల నిబంధనలే వర్తిస్తాయని కమిటీ తీర్మానించింది కాబట్టి, ఖాళీగా ఉన్న డైరెక్టరు గారి మెమరీలో మా సెక్షన్ సామాను తాత్కాలికంగా పెట్టుకోవడానికి అనుమతి కోరుతూ నోటు రాశాను.

అంకినీడు గారు దాన్ని రెండుసార్లు చదివారు. "సామాను అంటే?"

"బదిలీలండి."

"కొత్తాయన వచ్చేలోగా ఖాళీ చేస్తారా?"

"ఈ సాయంత్రానికే చేసేస్తాం."

"సోఫా మీద కాళ్లు పెట్టకండి," అని ఆయన సంతకం పెట్టారు. అలవాటుగా అన్న మాట అది. ఆయన తయారుచేసిన నిబంధన ఒకటి ఎవరో నిజంగా చదివారన్న సంతోషం ముఖంలో కనబడింది.

నూర్జహాన్ గారు ఒక్క వాక్యం టైపు చేశారు. పేర్లు కదిలాయి. 'గ' దాటింది, 'త' దాటింది. 'మ' దగ్గర నేను కుర్చీ చేతిని గట్టిగా పట్టుకున్నాను. మల్లికార్జునకు చేరవలసిన ఊరు దొరికింది. 'స' లో సోమిదేవమ్మ దాటింది. ఆ తరువాత హనుమంతరావు వచ్చి వెళ్లాడు, పాత పేరుకు తిరిగి వచ్చినందుకు. అప్పుడు హైమవతి పేరు వచ్చింది. పలాస నుంచి మదనపల్లె.

"అయిపోయింది సార్, బాగానే ఉంది," అని నూర్జహాన్ గారు మెల్లగా అన్నారు. అంత పనీ చేసి, ఇచ్చిన మెమరీలో ఇంకా కొంచెం మిగిల్చిందట. పాపం, అది అడిగింది ఎప్పుడూ ఎక్కువ కాదు.

దశమి నాడు కొత్త డైరెక్టరు గారు చార్జి తీసుకున్నారు. ఆయన స్వాగతంలో గడ్డితో పాటు రెండు ఆవులు, ఒక దూడ కూడా తల ఊపుతాయి. దానికి సర్వరులో మూడు వంతులు కేటాయించారు. ఆయన మొదటి సంతకం నాకు వచ్చిన మెమో మీద. శాఖ స్వాగతం పలకలేని స్థితిలో ఉన్న సమయంలో బదిలీలు పూర్తిచేసి, శాఖ ప్రతిష్ఠకు భంగం కలిగించినందుకు సంజాయిషీ కోరారు. ఖాళీ గదిలో సామాను పెట్టుకున్నామనీ, సాయంత్రానికి ఊడ్చి అప్పగించామనీ జవాబు రాశాను. నాకూ ఒక ఇంక్రిమెంటు ఆగింది. ఆపరేటింగ్ సిస్టమ్, నేను ఇప్పుడు ఒకే స్థాయిలో ఉన్నాం.

కొన్నాళ్లకు హైమవతి ఫోను చేసింది. కొత్త కాపురం ఎలా ఉందమ్మా అని అడగడమే ఆలస్యం, చెప్పుకొచ్చింది. తడి తువ్వాలు మంచం మీద పడేస్తాడట. పేపరు ముందు తనే చదవాలట, చదివి మడత పెట్టడట. వాళ్ల అత్తగారు కొడుకు పక్షమట.

"అన్నిటికీ మించి ఆ ఫేనండి బాబాయిగారూ. అయిదులో తిరగాలంట ఆయనకి. నాకేమో పళ్లు టకటకా కొట్టుకుంటన్నాయి. నాను తగ్గించడం, ఆయన పెంచడం. మీరయినా చెప్పండి ఆయనకి, రొండులో ఎట్టుకోమని."

చెబుతానన్నాను. వెనక నుంచి చెంగల్రాయుడు, రెండులో గాలే రాదు సార్ అని అరవడం వినబడింది. వాళ్లిద్దరూ నన్ను మరిచిపోయి వాదించుకున్నంతసేపూ ఫోను పట్టుకునే ఉన్నాను. పెట్టేయబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి ఫ్యాను రెండులో పెట్టాను. ఒళ్లంతా ఉక్కపోసింది. హాయిగా ఉంది.